పళ్ళాయన ఇల్లు ఖరీదైపోయింది

ఇంటి అప్పు తీర్చేయడమంత దండగమారి పని మరొకటి లేదు! తీరిపోయిందంటే బ్యాంకువాళ్లు మీ ముఖం కూడా చూడరు. ముసలితనంలోనూ ఎవరో ఒకరు ఫోన్ చేసి "బాగున్నారా సార్?" అనాలంటే రీఫైనాన్స్‌ను మించిన మార్గం ఉందా? నమ్మకపోతే పళ్ళాయన సంగతి వినండి.

ఆయన కట్టుడుపళ్ల సెట్లు తయారుచేస్తాడు. ఊరివాళ్ల నోళ్లలో పళ్లు పెడుతూ, తన నోరు కట్టుకుని, ఇంటి అప్పు దాదాపు తీర్చేశాడు. భార్య కోరిక ఒక్కటే. వాన పడితే పడకగది కప్పు కారుతోంది, దాన్ని బాగుచేయించాలి.

సరిగ్గా అప్పుడే లోన్ల ఏజెంటైన బావమరిది దిగాడు.

"బావా, మీ ఇల్లు ఇన్నేళ్లుగా ఊరికే పడి నిద్రపోతోంది. ఇవాళ్టి ధర కట్టించి కొత్త లోన్ తీసుకోండి. పాతది తీరగా మిగిలింది మీ జేబులోకే!"

విలువ కట్టే వాల్యూయర్ వస్తున్నాడంటే ఇల్లంతా హడావుడి. హాల్లో గోడ పగిలిన చోట అత్తగారిని కుర్చీ వేసి కూర్చోబెట్టారు. "కదలకమ్మా, నువ్వు కదిలితే విలువ పడిపోతుంది!" అని పళ్ళాయన భార్య తల్లిని బతిమాలింది. వాల్యూయర్ పెద్దావిడకు నమస్కారం పెట్టి, ఆ గోడ జోలికి పోకుండా వెళ్లిపోయాడు. పక్కవీధిలో ఎవరిదో ఇల్లు మంచి ధరకు పోయిందట. ఆ లెక్కన వీళ్ల ఇంటి విలువ రెట్టింపయింది!

"నేను నిద్రపోతుంటే ఇది ఇంత సంపాదించిందా!" అని పళ్ళాయన తెల్లబోయాడు. ఆ రోజు నుంచి ఇంటిని 'ఇది' అనడమే మానేశాడు. "వారి గోడకు మేకు కొట్టకు. వారి తలుపు మెల్లగా వెయ్యి" అంటూ భార్య వెంట తిరిగాడు.

చేతికి డబ్బొచ్చింది. మరి కప్పు?

"కప్పు ఎవరికి కనబడుతుంది బావా? ముందు వాకిట్లో ఫౌంటెన్ పెట్టండి, విలువ ఇంకా పెరుగుతుంది" అన్నాడు బావమరిది. పెట్టించారు. వాకిట్లో నీళ్లు పైకి ఎగిరేవి, పడకగదిలో పైనుంచి కిందికి పడేవి. విలువ మళ్లీ పెరిగింది. పళ్ళాయన మళ్లీ సంతకం పెట్టాడు.

ఈసారి వాల్యూయర్ వంటింట్లో నిలబడి ముక్కు చిట్లించాడు. "వాడకం తెలుస్తోంది సార్. మనుషులున్న ఛాయలు లేకపోతే ఇంకా బాగా పలుకుతుంది."

అంతే! సోఫాకు ప్లాస్టిక్ కవరు, వంటింటికి తాళం. సంసారమంతా కారు షెడ్డులోకి మారింది. కారు ఎలాగూ లేదు కదా! మూడో లోన్ దాకా ఓపిక పట్టమన్నాడు పళ్ళాయన.

ఒక సాయంత్రం జోరుగా వాన పట్టుకుంది. జల్లు షెడ్డులోకి కొట్టి స్టవ్ ఆరిపోయింది. పెద్దావిడ దుప్పటి తడిసి, దగ్గు మొదలైంది. భార్య తాళంచెవులు తీసుకుంది, తల్లి చెయ్యి పట్టుకుని నేరుగా ఇంట్లోకి నడిచింది.

"ఏమిటే నువ్వు చేస్తున్న పని? విలువ పడిపోతుంది!"

"పడనివ్వండి. నా నడుము పడిపోయి ఎన్నాళ్లయిందో, ఆ వాల్యూయర్‌ని వచ్చి కొలవమనండి!"

కాసేపటికి లోపలినుంచి ఉల్లిపాయలు వేగుతున్న వాసన వచ్చింది. తన ఇంటి గుమ్మంలో పరాయివాడిలా నిలబడ్డ పళ్ళాయనకు కళ్లు చెమర్చాయి. చెప్పులు విడిచి లోపలికెళ్లాడు. సోఫా కవరు లాగి అవతల పారేసి, కాళ్లు బారజాపుకుని కూర్చున్నాడు.

మూడో లోన్ రాలేదు. "మీరు ఇంట్లో కాపురముండి మొత్తం పాడుచేశారు!" అని బావమరిది అలిగి వెళ్లిపోయాడు. భార్య ఫౌంటెన్ అమ్మేసి, ఆ డబ్బుతో కప్పు బాగుచేయించింది.

అయితే రీఫైనాన్స్ వల్ల మేలు జరగలేదంటారా? ఎంతమాట! ఆఖరి వాయిదా నాటికి పళ్ళాయనకు తొంభై నిండుతాయి. ఆయన ఆయుష్షు మీద అంత నమ్మకం ఏ డాక్టరైనా ఉంచాడా?

ఒక్క చిన్న చిక్కుంది, అంతే. అప్పట్లో ఆయన కొత్త ఇంటిని పాత ధరకు కొనుక్కున్నాడు. ఇప్పుడు ఆ పాత ఇంటినే కొత్త ధరకు మళ్లీ కొనుక్కుంటున్నాడు!