పూర్వీకులకో పునాది

చచ్చినవాళ్ళ వెంట పడటం కన్నా ఆరోగ్యకరమైన వ్యసనం ఈ భూమ్మీద ఇంకొకటి లేదని ఘంటాపథంగా చెబుతున్నాను. తాగుడు కాలేయాన్ని తింటుంది. పేకాట కొంప ముంచుతుంది. వంశవృక్షం ఏం చేస్తుంది? మహా అయితే భోజనాల బల్లని కాగితాలతో ఆక్రమిస్తుంది. నిలబడి తినండి, బాగా అరుగుతుంది!

అనుమానం ఉంటే మా వెండెల్ టాగర్ట్‌ని చూడండి. నాకు పెదనాన్న కొడుకు. వర్జీనియా కొండల మధ్య మా లోయలో ముప్పై ఏళ్ళు పోస్ట్‌మాస్టర్‌గా చేసి రిటైరయ్యాడు. రిటైరైన మగవాడు ఇంట్లో ఎంత ప్రమాదమో ఇల్లాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. వంటింట్లో డబ్బాల వరస మారుస్తాడు. ఉప్పు ఎందుకు ఎక్కువ వాడుతున్నావని లెక్చరిస్తాడు. వెండెల్ అలాంటి పనులేవీ చేయలేదు. మొదటి వారంలోనే వంశం చెప్పే డీఎన్ఏ పరీక్షకి ఒక గొట్టంలో ఉమ్మి పోస్టు చేశాడు. ఆరు వారాలకి జవాబొచ్చింది. ఆయన పూర్వీకులు స్కాట్లండ్ నుంచి ఉత్తర ఐర్లండ్‌కీ, అక్కడి నుంచి ఇక్కడికీ వచ్చారట. ఆ సంగతి మా లోయలో కోళ్ళకి కూడా తెలుసు. కానీ ఉమ్మి చెప్పాక దాని విలువే వేరు కదా!

ఆ రోజు నుంచి ఆయనకి జీవితాశయం ఒక్కటే అయింది. 1738లో ఉత్తర ఐర్లండ్‌లోని ఆంట్రిమ్ నుంచి ఓడెక్కి వచ్చిన మొదటి జేమ్స్ టాగర్ట్ ఎక్కడ పడుకున్నాడో కనిపెట్టాలి. ఆయన సమాధి చూడకుండా తాను సమాధిలోకి వెళ్ళేది లేదని భార్య ఫెయితోనూ డాక్టరుతోనూ తేల్చి చెప్పాడు. డాక్టరు రక్తపోటు మాత్ర ఒకటి పెంచాడు.

పని అంత తేలిక కాదు. మావాళ్ళు పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరూ, రెండోవాడికి తల్లి తండ్రి పేరూ పెట్టుకుంటూ వచ్చారు. ఆ లెక్కన ఒక్క వాగు పొడవునా పదకొండుమంది జేమ్స్ టాగర్టులు తేలారు. వాళ్ళలో నలుగురి భార్యలు మార్గరెట్లు. వెండెల్ ఒకసారి ఎనిమిది నెలలు కష్టపడి ఒక జేమ్స్‌ని పట్టుకున్నాడు. తీరా చూస్తే ఆయన మాకు ముత్తాత కావడానికి ముందే, తొమ్మిదేళ్ళ వయసులో పోయాడు. వెండెల్ కన్నీళ్ళు పెట్టుకుని రెండు రోజులు అన్నం ముట్టలేదు. రెండొందల ఏళ్ళ క్రితం పోయిన పిల్లవాడి కోసం ఇంతగా దుఃఖించే మనసు ఏ వ్యసనం ఇస్తుందో మీరే చెప్పండి.

ఆంట్రిమ్ కూడా మూడుసార్లు వెళ్ళొచ్చాడు. అక్కడ టాగర్టులు ఇంకా ఉన్నారని ఒక రైతు చెప్పాడట. వాళ్ళతో తనకి కంచె తగాదా ఉందనీ, అమెరికా తీసుకుపోతానంటే అందరినీ మూటకట్టి ఇస్తాననీ కూడా అన్నాడట. వెండెల్ ఆ టాగర్టుల గడప తొక్కలేదు. బతికున్నవాళ్ళతో ఆయనకి పనేముంది? స్కాట్లండ్‌లో దిగి అక్కడి మగవాళ్ళు కట్టే గళ్ళ పావడా ఒకటి కొనుక్కున్నాడు. మా జేమ్స్ అవిసెనార నేసుకుని బతికిన మనిషి, జన్మలో పావడా కట్టి ఉండడు. అయితేనేం, మనవడు కట్టి ఆ లోటు తీర్చాడు.

ఇక ఒనీటా మామ్మ. మా తాతకి ఆఖరి చెల్లెలు. తొంభై మూడేళ్ళు. మే నెలలో సమాధుల్ని పూలతో అలంకరించే ఆదివారం నాడు ఆవిడ చర్చి వెనక కొండెక్కి, శ్మశానం పాత మూలలో వరసల వెంట నడుస్తూ ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరించేది. వెండెల్‌ని కూడా ఏటా పిలిచేది.

“ఒరే, ఓసారి నాతో రారా. ఎవరెక్కడున్నారో చూపిస్తాను.”

“కాగితం ఏదన్నా ఉందా మామ్మా?”

“కాగితం ఎందుకురా? నాకు తెలుసుగా.”

వంశ పరిశోధనలో ముసలమ్మలకి తెలిసింది ఆధారం కిందకి రాదని వెండెల్ ఓపిగ్గా వివరించేవాడు. పైగా మామ్మ ఏ కథ చెప్పినా ఒక ఆవు దగ్గర మొదలుపెడుతుంది. ఆ ఆవు ఈనేదాకా జేమ్స్ రాడు. అంత తీరిక ఎవరికుంది? కోర్టు రికార్డుల్లో ఆవులుండవు, హాయిగా ఉంటుంది.

పద్నాలుగేళ్ళు వెతికినా సమాధి దొరకలేదు. దొరక్కపోతే కట్టుకోవచ్చని వెండెల్‌కి తట్టింది. కమిటీ వేశాం. తొమ్మిదడుగుల గ్రానైట్ స్తంభం, మీద ఓడ బొమ్మ, కింద జేమ్స్ పేరు. చర్చి పెద్దలు పాత మూల చూపించారు. అక్కడ గడ్డి కోసే మిషను నడవకుండా మొరటు రాళ్ళు నలభై దాకా అడ్డంగా ఉండేవి. ఏప్రిల్‌లో ఒక శనివారం అందరం కలిసి శుభ్రం చేశాం. అక్షరాలున్న రాళ్ళని కడిగి కాపాడాం. అక్షరాలు లేనివాటిని రాళ్ళే అనుకున్నాం. వాటినే స్తంభానికి పునాదిగా పేర్చి సిమెంటు పోశాం. అప్పటికి మామ్మ తుంటి ఎముక విరిగి ఆసుపత్రిలో ఉంది. పూల ఆదివారంనాటికి లేచి నడిచి, వాళ్ళమ్మకి పూలు పెట్టిరావాలన్నది ఒక్కటే ఆవిడ పట్టుదలని నర్సు చెప్పింది.

ఆ ఆదివారం చూడాల్సిందే. బ్యాగ్‌పైపు మోగింది. బల్లల మీద వేయించిన కోడి, బీన్స్, మొక్కజొన్న రొట్టె. వెండెల్ పావడాలో చెమటలు కక్కుతూ, దోమల్ని తోలుకుంటూ నలభై నిమిషాలు ప్రసంగించాడు. మధ్యలో మామ్మ చక్రాల ఊతకర్ర పట్టుకుని వచ్చింది. ఆవిడ వెనక ఫెయి పియొనీ పూల బకెట్ మోసుకొస్తోంది. మామ్మ స్తంభాన్ని దాటి తిన్నగా మూలకి వెళ్ళి ఆగిపోయింది.

“ఇక్కడ రాళ్ళేవిరా?”

వెండెల్ సంతోషంగా పునాది చూపించాడు. “ఒక్కటీ పారెయ్యలేదు మామ్మా. అన్నీ అందులోనే ఉన్నాయి.”

మామ్మ ఊతకర్రని స్తంభం వైపు తిప్పింది. “మూడో వరసలో మొదటిది మీ జేమ్సురా. మా నాయనమ్మ చూపించింది, ఆవిడకి వాళ్ళ నాయనమ్మ. దాని వెనక వరసలో అమ్మ. ఆ రాయి నాన్న వాగులోంచి ఈడ్చుకొచ్చాడు. చెక్కించే రోజులు కావవి. నాకప్పుడు ఏడేళ్ళు.”

వెండెల్ నోట్‌బుక్ తీశాడు. కంచె నుంచి ఎన్ని అడుగులుంటుందని అడిగాడు. కంచె కూడా మేమే జరిపాం.

“అడుగులు నాకేం తెలుసురా. రాళ్ళు పట్టుకుని నడిచేదాన్ని.”

నున్నటి గడ్డిలో ఎక్కడ నిలబడినా తల్లి మీద కాలు పడుతుందేమోనని ఆవిడ వెనక్కి వచ్చేసింది. పూలు బకెట్‌లోనే ఉండిపోయాయి.

మర్నాడు వెండెల్ రికార్డర్ పట్టుకుని మామ్మ ఇంటికి వెళ్ళాడు. ఆవు దగ్గర నుంచే చెప్పమన్నాడు. ఆవిడ ప్రయత్నించింది. ఈ రాయి తర్వాత ఆ రాయి అనుకుంటూ చెప్పడమే తనకి అలవాటనీ, కుర్చీలో కూర్చుంటే ఒక్కరూ గుర్తుకు రావడం లేదనీ అంది. వెండెల్ అక్కడే కూర్చుని ఏడ్చాడు. అవి తొమ్మిదేళ్ళ జేమ్స్ కోసం కార్చిన కన్నీళ్ళ లాంటివి కావు.

అయినా ఇందులో మంచే చూడాలని నా మనవి. గడ్డి మిషను ఇప్పుడు ఎక్కడా ఆగడం లేదు. కాదనేవాళ్ళు లేరు కాబట్టి మా వంశం కూడా వేగంగా పెరుగుతోంది. స్కాట్లండ్ ప్రభువు ఒకాయన మా తాత అయ్యే సూచనలున్నాయని కమిటీ చెబుతోంది. నేను సెక్రటరీని, ఓటు వేసేశాను.

ఆ ఏప్రిల్ శనివారం మూడో వరసలో మొదటి రాయి నా వంతుకే వచ్చింది. సగానికి పైగా నేలలోనే ఉంది. గడ్డపార వేసి గంటసేపు తిట్టుకుంటూ పెకలించాను. ఉత్త రాయిని అంత లోతున, అంత నిటారుగా ఎవరు పాతి ఉంటారని ఆ గంటలో ఒక్కసారీ అనుకోలేదు.