షీనాకి ఒక కష్టం కావలెను

అమెరికా కాలేజీ అప్లికేషన్ ఫారాన్ని కనిపెట్టిన మహానుభావుడికి ఆస్ట్రేలియాలోని మన పాయింట్ కుక్‌లో విగ్రహం పెట్టాలి! షాపింగ్ సెంటర్ కార్ పార్కులో ఎలాగూ జాగా దొరకదు కాబట్టి ఏ నాలుగు రోడ్ల రౌండెబౌట్ మధ్యలో పెట్టినా నాకు అభ్యంతరం లేదు. నవ్వకండి. బాగా ఆలోచించే చెబుతున్నాను.

ఆస్ట్రేలియా యూనివర్సిటీల సంగతి మీకు తెలిసిందే. వాటికి కావలసింది ఒక్క అంకె. పన్నెండో క్లాసు అయ్యాక పిల్లకి ఒక ర్యాంకు వస్తుంది. దాన్నిబట్టి ఇది డాక్టరు, ఇది లాయరు, ఇది ఇంకేదో అని విడగొట్టి, కోడిగుడ్లని సైజు చూసి ట్రేల్లో సర్దినట్టు సర్దేస్తారు. ఆ పిల్లకి ఏం ఇష్టమో, దేనికి ఏడుస్తుందో యూనివర్సిటీకి అక్కర్లేదు. ఇంట్లోవాళ్లకీ అక్కర్లేదు. ఇలాగైతే కుటుంబాలు మాట్లాడుకునేది ఎప్పుడు?

అదే అమెరికా ఫారం చూడండి. నువ్వెవరు? ఎవరికి నాయకత్వం వహించావు? నీకు ఎదురైన పెద్ద అడ్డంకి ఏమిటి, దాన్నెలా దాటావు? ఆరువందల యాభై మాటలు మించకుండా రాయి! పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలు అడగరు.

షీనా విషయమే తీసుకుందాం. పదిహేడేళ్ల పిల్ల. తండ్రి జకరయ్య ఆస్పత్రిలో స్కానింగ్ మిషన్లు బాగుచేస్తాడు. తల్లి సుగుణకుమారి వృద్ధుల హోమ్‌లో నర్సు. ఇద్దరిదీ బాపట్ల వైపు. షీనా చదివేది ఇంటి పక్కనే ఉన్న గవర్నమెంటు స్కూల్లో.

అమెరికాలో ఎక్కడో మంచు ఎక్కువ, మనుషులు తక్కువ ఉన్న ఊళ్లో ఒక చిన్న కాలేజీ ఉందని ఆ పిల్లే కనిపెట్టింది. ఆ కాలేజీ వెబ్‌సైట్‌లో ఒక వాక్యం ఉంది: మొదటి రెండేళ్లు నువ్వు ఏమవుతావో మాకు చెప్పనవసరం లేదు. షీనా దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఫోన్లో దాచుకుంది.

ఎందుకంటే ఆరేళ్ల వయసులో చర్చి ఫంక్షన్‌లో ఎవరో అంకుల్ "పెద్దయ్యాక ఏమవుతావమ్మా?" అని అడిగితే "డాక్టర్" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు పదకొండేళ్లుగా ఆగలేదు. నిజానికి షీనాకి రాళ్లంటే ఇష్టం. సముద్రపు ఒడ్డున రాయి కనబడితే ఇంటికి తెస్తుంది. చర్చి క్వయర్‌లో పాడటం ఇష్టం. ఈ రెండూ కలిస్తే ఏమవుతారో ఆమెకి తెలియదు. తెలియదని చెప్పుకోగలిగిన చోటు ప్రపంచంలో అదొక్కటే కనబడింది.

అందుకే ఆ సీటు ఆమెకి కావాలి. చాలా కావాలి. కావాలంటే ఫారం నిండాలి. నిండాలంటే అడ్డంకి ఉండాలి.

"డాడీ, నాకు అబ్‌స్టకిల్ ఏమైనా ఉందా?" అంది ఒకరోజు అన్నం కలుపుకుంటూ.

"ఎందుకుంటుంది? మేమేమన్నా తక్కువ చేశామా?"

"ఫారంలో అడుగుతున్నారు."

"లేదని రాయి."

"లేకపోతే సీట్ రాదు."

జకరయ్య ముద్ద మధ్యలో ఆపేశాడు. స్కూలు క్యాంపుకి పిల్లల్ని తీసుకెళ్లే బస్సు వెనకాల తొంభై కిలోమీటర్లు కారు నడిపి, కూతురు దిగి టెంటులోకి వెళ్లేదాకా చూసి తిరిగొచ్చిన మనిషి ఆయన. తల్లి ఇప్పటికీ దానిమ్మ గింజలు ఒలిచి డబ్బాలో పెట్టిస్తుంది. పదిహేడేళ్లు పిల్ల దారిలో ఒక్క రాయి లేకుండా ఏరిపారేసిన తమ శ్రమంతా ఇప్పుడు పిల్ల భవిష్యత్తుకి అడ్డొచ్చిందని ఆ పూట తెలిసింది.

కానీ తండ్రి తండ్రే కదా.

"నాదొకటి తీసుకో," అన్నాడు. "తుఫానొచ్చి మా హాస్టల్ పైరేకులు లేచిపోయాయి. మూడు రోజులు బల్లల కింద పడుకుని, నాలుగోరోజు పరీక్ష రాశాం."

"దట్స్ యువర్ స్టోరీ, డాడీ."

"నేనేమన్నా పరాయివాణ్ణా? వాడుకో."

"పెళ్లప్పుడు ఒక్కరోజే బల్ల కింద పడుకున్నానన్నారు," అంది సుగుణకుమారి, మజ్జిగ పోస్తూ.

చూశారా? పెళ్లయి ఇరవై ఏళ్లు దాటాక ఆ ఇంట్లో తుఫాను గురించి చర్చ జరిగింది. ఇది ఫారం చలవ కాదా?

తర్వాత నాయకత్వం. పాయింట్ కుక్‌లో ఇప్పుడు ఏ వీధిలో చూసినా ఇద్దరు ప్రెసిడెంట్లున్నారు, ఇద్దరికీ పదిహేడేళ్లే. వాళ్ల వీధిలోనే ఉండే అచ్యుత్ డాక్టరుగారి అమ్మాయి చైత్ర ఒక పర్యావరణ సంఘానికి ప్రెసిడెంటు. జకరయ్య చర్చి పెద్దల్తో మాట్లాడి షీనాని క్వయర్ యూత్ వింగ్ ప్రెసిడెంటుని చేశాడు. ఆ వింగ్ అంతకుముందు లేదు. వచ్చిన చిక్కల్లా సభ్యులతోనే. అందరూ ప్రెసిడెంట్లయిపోతే సభ్యులెవరు? చివరికి ఒప్పందం కుదిరింది. షీనా నాలుగు సంఘాల్లో సభ్యురాలైంది, ఆ నలుగురు ప్రెసిడెంట్లూ షీనా సంఘంలో చేరారు. వాళ్లలో ఒకడికి పాట రాదు. ట్రెజరర్‌ని చేశారు.

ఆపైన సిఫార్సు ఉత్తరం. అచ్యుత్‌గారి పిల్లలు చదివే ప్రైవేటు స్కూల్లో అమెరికా అప్లికేషన్ల కోసమే ఒక మనిషి, ఆ మనిషికో గది, గదిలో ఒక సోఫా ఉంటాయి. షీనా స్కూల్లో మిస్టర్ హాలరన్ ఉంటాడు. ఆయన వడ్రంగం చెబుతాడు. గురువారం లంచ్ తర్వాత మాత్రం పైచదువుల సలహాదారుగా మారతాడు. పదిహేనేళ్లలో ఆయన అమెరికాకి ఒక్కరినీ పంపలేదు. పక్కనున్న దీవి టాస్మానియాకి ఒకర్ని పంపాడు, ఆ అబ్బాయి తిరిగొచ్చేశాడు.

ఆయన రాసిన ఉత్తరం మొత్తం ఇదీ: షీనా మంచి పిల్ల. టైముకి వస్తుంది. గొడవ చేయదు. క్యాంపులో తన టెంటు వేసుకుని పక్కవాళ్లది కూడా వేసిపెట్టింది.

జకరయ్య పరుగున స్కూలుకెళ్లాడు. "సర్, తరానికొక్కరే పుడతారు ఇలాంటివాళ్లు అని ఒక్క వాక్యం..."

మిస్టర్ హాలరన్ ఉత్తరం మళ్లీ ఒకసారి చదివాడు. "మేట్," అన్నాడు, "ఐ సెడ్ షీజ్ గుడ్."

ఆ మనిషి దృష్టిలో అంతకు మించిన మాట లేదని జకరయ్యకి ఎవరు చెప్పాలి?

డిసెంబర్‌లో అసలైన నిపుణుడు దిగాడు. అచ్యుత్‌గారి అబ్బాయి ఆదర్శ్. అమెరికాలో రెండో ఏడు చదువుతూ సెలవులకి వచ్చాడు. జకరయ్య భోజనానికి పిలిచాడు. షీనా క్వయర్ గురించి రాసుకున్న వ్యాసాన్ని ఆదర్శ్ చికెన్ తింటూ ఫోన్లో చదివాడు.

"నైస్," అన్నాడు. "బట్ నో బ్లడ్."

"బ్లడ్ అంటే?" అన్నాడు జకరయ్య.

"పెయిన్ ఉండాలి, అంకుల్. ఇల్‌నెస్. సెపరేషన్. డెత్ అయితే బెస్ట్."

"నువ్వేం రాశావు బాబూ?" అంది సుగుణకుమారి.

"మా నాయనమ్మ పోవడం గురించి, ఆంటీ."

ఆ నాయనమ్మ సీతాదేవిగారు రోజూ పొద్దున్నే వాకింగ్ షూ వేసుకుని వీధి చివరి చెరువు చుట్టూ నాలుగు రౌండ్లు కొడుతుంది. ఆ ఉదయం కూడా కొట్టింది. సుగుణకుమారి అతనికి ఇంకో ముక్క వడ్డించింది.

జకరయ్య మాత్రం సెపరేషన్ అన్న మాట దగ్గరే ఆగిపోయాడు. మొహం వెలిగింది.

"సెపరేషన్ ఉందిగా! బాపట్లలో ఉన్న ఆ రెండేళ్లు!"

"ఏ రెండేళ్లు?" అంది షీనా.

వంటింటి గుమ్మంలో సుగుణకుమారి నిలబడిపోయింది. "రెండేళ్ల నాలుగు నెలలు," అంది.

ఇంట్లో ఆల్బంలో షీనాకి ఏడు నెలలున్నప్పటి ఫొటో తర్వాత మూడేళ్లప్పటి ఫొటో ఉంటుంది. మధ్యలో ఏమీ లేవు. అడిగితే ఫోన్ నీళ్లలో పడిందనేవాళ్లు. అంత పెద్ద ఫోన్ ఎలా పడేశారని షీనా ఏడిపించేది కూడా. సంగతి అది కాదు. ఇక్కడ నర్సింగ్ రిజిస్ట్రేషన్ కోసం తల్లి చదువుకుంటూ పనిచేస్తోంది. తండ్రి పగలు చదువు, తర్వాత గోడౌన్‌లో పని. పిల్లని చూసేవాళ్లు లేరు. ఏడునెలల పిల్లని బాపట్లలో అమ్మమ్మ దగ్గర వదిలొచ్చారు. అప్పట్లో చాలామంది అదే చేశారు. ఎవరూ చెప్పుకోరు.

"దిస్ ఈజ్ గోల్డ్," అన్నాడు ఆదర్శ్.

"అడ్మిషన్ ఖాయమేనా?" అన్నాడు జకరయ్య.

"అది దానిది కాదు," అంది సుగుణకుమారి. "నాది." లోపలికి వెళ్లిపోయింది. పెరుగు గిన్నె తేవడానికి చాలాసేపు పట్టింది.

ఆస్ట్రేలియాలో మేముండే రాష్ట్రంలో ఇంకో మంచి చట్టం ఉంది. లైసెన్సు కావాలంటే పిల్లలు పెద్దవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని నూట ఇరవై గంటలు కారు నడపాలి. తెలుగు తల్లీ కూతురూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా మాట్లాడుకోవడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు నాకైతే తెలియదు.

రెండ్రోజుల తర్వాత మధ్యాహ్నం షీనా ఎల్ ప్లేటు కారుని సముద్రం వైపు నడుపుతోంది. తల్లి ముందున్న రోడ్డునే చూస్తోంది.

"అమ్మమ్మ నిన్ను ఇక్కడికి తీసుకొచ్చిన రోజు ఎయిర్‌పోర్టుకి వచ్చాను నిన్ను తీసుకెళ్దామని," అంది తల్లి, ఏమీ అడక్కుండానే. "కొత్త గౌను కొన్నాను. సైజు తెలియక మూడు కొన్నాను. అమ్మమ్మ వెనకాల దాక్కున్నావు. రామ్మా అంటే, వద్దు ఆంటీ అన్నావు."

ముందు రౌండెబౌట్ వచ్చింది. షీనా తిరిగింది.

"తర్వాత?"

"తర్వాతేముంది. పదకొండు రోజులు ఆంటీ అన్నావు. పన్నెండో రోజు జ్వరమొస్తే మమ్మీ అన్నావు. నీకు జ్వరమొచ్చిందని సంతోషపడ్డాను, దేవుడు క్షమించాలి."

షీనా రౌండెబౌట్‌లోంచి బయటికి రావడం మర్చిపోయింది. కారు ఆ గడ్డిదిబ్బ చుట్టూ మూడుసార్లు తిరిగింది. వెనక ఎవరో హారన్ కొట్టాడు.

"ఇండికేటర్ వెయ్యి," అంది తల్లి.

పాఠకులారా, మళ్లీ అడుగుతున్నాను. ఈ మాటలు ఏ ర్యాంకు అడిగితే బయటికొచ్చేవి?

గడువు మనకి జనవరి రెండు, సాయంత్రం ఐదుకి ఒక్క నిమిషం ముందు వరకు. మూడున్నరకి షీనా లాప్‌టాప్ ముందుంది. రెండు వ్యాసాలున్నాయి. ఒకటి బాపట్ల గురించి. అది చదివితే రాయి కూడా సీటిచ్చేస్తుంది. రెండోది బస్సు వెనకద్దంలో తొంభై కిలోమీటర్లు కనబడిన తండ్రి కారు గురించి. అందులో ఎవరూ పోలేదు, ఎవరూ విడిపోలేదు. తోటి పిల్లల ముందు సిగ్గుపడ్డ ఒక పిల్ల, చెయ్యి ఊపుతూ ఒక తండ్రి.

సుగుణకుమారి దానిమ్మ గింజల డబ్బా తెచ్చి పక్కన పెట్టింది. "రాయాలనుంటే నాదే రాసుకోవే. సీటు రాకపోతే మళ్లీ నన్నంటావు."

"అనను మమ్మీ. అది ఫారం కోసం కాదు."

నాలుగూ యాభైకి బస్సు వ్యాసం వెళ్లిపోయింది.

జవాబు మార్చి చివర్లో వచ్చింది. అప్పటికి షీనా ఇక్కడి యూనివర్సిటీలో చేరి నెల దాటింది. సైన్సు కోర్సు. రోజూ విలియమ్స్ ల్యాండింగ్ స్టేషన్‌లో ట్రైనెక్కుతోంది. కాలేజీ సీటివ్వలేదు, కాదనలేదు. వెయిటింగ్ లిస్టులో పెట్టింది. మీ గురించి ఇంకొంచెం లోతుగా తెలుసుకోవాలని మా కమిటీ ఆశిస్తోంది, మరో వ్యాసం పంపవచ్చు అంది.

జకరయ్య భార్య వైపు చూశాడు. చూసి, ప్లేటు వైపు చూసుకున్నాడు.

"ఏమంటున్నారు?" అంది సుగుణకుమారి.

"ఇంకా లోతుగా చెప్పమంటున్నారు."

"ఎవరికి?"

"కమిటీకి."

"వాళ్ల పేర్లేంటి?"

"పేర్లు లేవు మమ్మీ."

"పేరు కూడా చెప్పనివాళ్లకి మనింటి సంగతులెందుకే?"

షీనా మర్యాదగా రెండు వాక్యాలు రాసి జాబితాలోంచి పేరు తీయించుకుంది. బాధపడలేదని అనను. ఆ స్క్రీన్‌షాట్ ఫోన్లో ఇంకా ఉంది. కానీ పోయిన ఆదివారం చర్చి బయట అదే పాత అంకుల్ "ఏమవుతావమ్మా?" అని అడిగితే, జకరయ్య అడ్డొచ్చి, "ఇంకా అనుకోలేదండీ, తొందరేముంది?" అన్నాడట. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. షీనాకి లైసెన్సు వచ్చేసింది. అయినా ఆదివారం మధ్యాహ్నం తల్లి పక్క సీట్లో ఎక్కి బెల్టు పెట్టుకుంటోంది.

అందుకే ఆ విగ్రహం పెట్టాల్సిందే అంటున్నాను. అమెరికా వెళ్లే ఉద్దేశం లేకపోయినా ప్రతి ఇంట్లో ఆ ఫారం నింపాలి. నాయనమ్మల్ని చంపకుండా నింపాలి. కష్టం లేని పిల్లకి కష్టం లేదన్న కష్టం, ఉన్న పిల్లకి దాన్ని మాటల లెక్కన అమ్ముకోవలసిన కష్టం. ఇంత సమానంగా పంచే ఫారం ఇంకెక్కడుంది?

అన్నీ రాయండి. అమ్మనీ నాన్ననీ అడిగి రాయండి. పూర్తయ్యాక ఇంట్లో అందరూ కూర్చుని చదువుకోండి. తర్వాత కిందికి వెళితే సబ్మిట్ అని నీలంరంగు బటన్ ఒకటి ఉంటుంది. దాన్ని మాత్రం నొక్కకండి.