ఏసీ కింది మంచం

శుక్రవారం పొద్దున ఇస్తారి వేసుకున్న పథకం చాలా చిన్నది: ఓపిక పట్టడం. తోటి కూలీ గణపతి ఊరికి వెళ్లిపోవడంతో, గల్ఫ్‌లో సీబ్ అనే ఊళ్లోని వాళ్ల రూమ్‌లో ఏసీ కింది మంచం ఖాళీ అయింది. దానికోసం మిగిలిన నలుగురూ ఎవరి ఫోన్‌లో వాళ్లు పోకర్ టోర్నమెంట్ మొదలుపెట్టారు. పైసలు లేని ఆట, పందెం మంచమే. తలుపు దగ్గర చెమటల్లో పడుకునే ఇస్తారికి అది అందరికంటే అవసరం. పైగా, అది తనకే దక్కిందని పోయిన వారమే భార్య ముత్తవ్వకు చెప్పేశాడు.

కాసేపటికే అతని దగ్గర చారెడు చిప్పులు, అంటే పందెం బిళ్లలు, మిగిలాయి. రషీద్ దగ్గర గుట్ట. ఏ ముక్కలు వచ్చినా రషీద్ 'ఆల్ ఇన్' అని ఉన్నదంతా ముందుకు తోసేస్తాడు. ప్రభాకర్, జయరాముడూ అదే రకం. ఇలాంటివాళ్ల మధ్య చిప్పులు తక్కువున్నవాడు చెత్త ముక్కలు పారేస్తూ, వాళ్లూ వాళ్లూ కొట్టుకునేదాకా కూర్చోవాలి. ఆ సంగతి ఇస్తారికి తెలుసు. కూర్చోవడమే చేతకాదు.

చేయి దురద పుట్టి అంతా తోసెయ్యబోతుంటే ముత్తవ్వ వీడియో కాల్ వచ్చింది.

"ఏమయ్యా, ఏసీ కిందనే ఉన్నవా? ఏదీ, సూపియ్యి. మా అక్క నమ్ముతలేదు."

ఇస్తారి గబగబా వెళ్లి ఆ మంచమెక్కి పడుకున్నాడు.

"మరి మెత్తేది? చెద్దరేది?"

దిండూ దుప్పటీ తెచ్చి పరుచుకున్నాడు. వదినగారికి ఏసీ చూపించి నవ్వాడు. ఈలోగా ఆట ఆగలేదు. వేళకు ఆడకపోతే యాప్ తనే ముక్కలు పారేస్తుంది. ఇస్తారివి అలా పోతూనే ఉన్నాయి, అవతల ముగ్గురూ కొట్టుకుంటూనే ఉన్నారు. ముందు జయరాముడు పోయాడు, వెనకే ప్రభాకర్.

"ఆట గాకముందే ఇంటోళ్లకు మంచం సూపిస్తుండేందిరా!" అన్నాడు ప్రభాకర్.

"పెద్ద పత్తాలే పడ్డట్టున్నయ్. ఆ నవ్వు సూడు," అన్నాడు జయరాముడు.

రషీద్ ఆ మాట నమ్మేశాడు.

కాల్ అయ్యాక ఇస్తారి చూస్తే మిగిలింది ఇద్దరే. ప్రతి ఆటకూ తప్పనిసరిగా కట్టే పందేలకే తన చిప్పులు అడుగంటాయి. ఇక ఓపిక దేనికని ఉన్నదంతా తోశాడు. రషీద్ ముక్కలు పారేశాడు. మళ్లీ తోశాడు, మళ్లీ పారేశాడు. ఇంతసేపూ అందరినీ తరిమినవాడు దుప్పటిని చూసి వెనక్కి తగ్గుతున్నాడు. పారేసినప్పుడల్లా అతను కట్టిన పందెం ఇస్తారికే చేరి, ఇద్దరి చిప్పులూ సమానమయ్యేసరికి రషీద్‌కు రోషం వచ్చింది.

"క్యా భాయ్, మంచం నీ జాగీరా? నేను గూడ ఆల్ ఇన్!"

ఈసారి ఇస్తారి దగ్గర నిజంగానే రెండు రాజులున్నాయి. రషీద్ దగ్గర రోషం తప్ప ఏమీ లేదు. రూమంతా ఈలలు. అరిచి అరిచి ఇస్తారి గొంతు పోయింది. అబద్ధం నిజమైనందుకు కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. అంతలో మళ్లీ ముత్తవ్వ.

"ఏమయ్యా, గొంతు బొంగురు పోయింది! కండ్లల్ల నీళ్లు! ఆ గాలి సక్కగ నీ నెత్తి మీదికే కొడుతుంది గదా. ఫోన్ రషీదన్నకియ్యి."

గెలిచానని చెప్పుకోవడానికీ లేదు. ఇస్తారి ఫోన్ ఇచ్చాడు.

"అన్నా, ఈయనకు సల్లగాలి పడది. జర నువ్వే పండు ఆడ."

"నీ మాట కాదంటనా చెల్లె," అన్నాడు రషీద్, అప్పటికే తన దిండు తెచ్చుకుంటూ.

చారెడు చిప్పులతో రషీద్‌ను ఓడించిన ఇస్తారి, ముత్తవ్వ ముందు మాత్రం చూడకుండానే ముక్కలు పారేశాడు.