బేరమాడని గుడ్డ

అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. వత్తులు, దీర్ఘాలు అక్కడక్కడ తప్పుతాయి, ఒక పేజీకి ఒక పూట పడుతుంది. చదివేవాళ్లు మన్నించాలి. కథ చెప్పడం మాత్రం నాకు పలకా బలపం కంటే ముందే వచ్చు.

ఆ రోజు పొద్దున హజ్రా బీ అనుకున్నది చిన్న పని. తెల్లగుడ్డ తాను ఒకటి తేవాలి, గంజి పోయేలా ఉతికి డాబా మీద ఆరేయాలి, మధ్యాహ్నం వచ్చేవాళ్ల ముందు అచ్చులు అద్ది చూపించాలి. నరసరావుపేటలో ఒక సందు చివర ఆమెకు ఒంటి గది ఉంది. అందులో పొడుగాటి బల్ల, గోడ వారగా చెక్క అచ్చులు, రంగుల డబ్బాలు. బయట స్టూడియో అని బోర్డు. భర్త పోయాక ఆ బల్లే ఆమెకు అన్నం పెడుతోంది, అదీ అర్ధాకలిగా.

వచ్చేవాళ్లు ఇద్దరు. రెంటచింతలలో చీరల మీద కుట్టుపని చేసే ఫిలోమినా, శావల్యాపురంలో చెట్ల బెరళ్లతో రంగులు తీసే శాంతి. చేతిపనివాళ్ల వాట్సాప్ గ్రూపులో పరిచయమయ్యారు. ముగ్గురూ ఒకే బల్ల దగ్గర చేరితే తలా ఒకచోట చచ్చే వ్యాపారం ఒకచోట బతుకుతుందని వాళ్ల ఆశ. ఫిలోమినా ఫోనులో ఒకటే అడిగింది. "గది మీ చేతిలో ఉంటదా అక్కా? మేం సామాను మోసుకొచ్చాక పొమ్మంటే మా గతేంది?"

గది హజ్రా బీది కాదు. ఆమె భర్తకు అన్న అయిన నాగూర్ వలిది. ఆయన శుక్రవారం గుండెలో నొప్పి అంటూ గుంటూరు ఆసుపత్రికి పోతూ కూడా ఆటోలోంచి తల బయటపెట్టి, "నేనొచ్చేలోపు గది ఖాళీ చెయ్ హజ్రా. ఇలియాస్‌కి బైకుల షెడ్డు పెట్టాల" అన్నాడు. ఇలియాస్ ఆయన కొడుకు. తండ్రి పక్కన కూర్చుని తల ఊపాడు.

త్రికోటేశ్వరరావు గుడ్డల దుకాణం అప్పుడే తీశాడు. "తెల్లగుడ్డ తాను మొత్తం ఇయ్యన్నా. తొందరగా ఇయ్యి, మధ్యాహ్నానికి జనం వస్తారు" అంది హజ్రా బీ. ధర అడగలేదు.

త్రికోటేశ్వరరావు చెయ్యి ఆగిపోయింది. హజ్రా బీ జేబురుమాలు కొన్నా గంట బేరమాడే మనిషి. ఆ దుకాణంలో ఆమె బేరమాడకుండా గుడ్డ కొన్నది ఒక్కసారే, భర్తకు కఫన్ కోసం. చనిపోయినవాళ్లకు కప్పే గుడ్డకు ఆ వీధిలో ఎవరూ బేరమాడరు. ఆయన తాను రెండు చేతులతో అందించి, "డబ్బు సంగతి తరవాత చూద్దాంలే అమ్మా" అన్నాడు. మనిషి మారాడని హజ్రా బీ సంతోషించింది. ఆమె సందు మలుపు తిరగ్గానే ఆయన టెంట్ హౌస్ మౌలాలీకి ఫోన్ చేశాడు. "ఒరేయ్, గుంటూరు ఆసుపత్రిలో నాగూర్ వలి పోయాడంట్రా."

మౌలాలీ వెంటనే ఇలియాస్‌కు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. "ఎట్ట ఎత్తుతాడు, ఏడుస్తుంటాడు పాపం" అనుకుని షామియానా బండికెత్తాడు. మసీదులో చెప్పమని ఒకరిని పంపాడు, గుంత తవ్వమని ఇద్దరిని పంపాడు.

హజ్రా బీ డాబా మీద గుడ్డ ఆరేసి దిగేసరికి గది ముందు షామియానా లేచింది. "ఏంది మౌలాలీ ఇది?" అంటే అతను తల దించుకుని, "నువ్వేం పట్టించుకోమాక వదినా, అంతా మేం చూసుకుంటాం" అన్నాడు. ఆమె నోరు తెరిచేలోపు పక్కింటి నజీమా వచ్చి మెడ పట్టుకుని భోరుమంది.

"ఎంత పనైంది అక్కా! మీ బావగారు మొన్నేగా నా పొయ్యి దగ్గర టీ తాగింది!"

బావగారు పోయారన్న సంగతి హజ్రా బీకి అప్పుడే తెలిసింది. వీధి వీధంతా ఏడుస్తుంటే అబద్ధమెందుకవుతుంది? తనకు ఒక్క ఫోనైనా చెయ్యలేదే అని ముందు కోపం వచ్చింది, తరవాత ఏడుపు వచ్చింది. పైకెళ్లి, ఎండకు అప్పటికే ఆరిన గుడ్డను తనే తెచ్చి పెద్దవాళ్ల చేతికిచ్చింది. మనిషిని తెచ్చేసరికి సిద్ధంగా ఉండాలని వాళ్లు బల్ల మీదే పరిచి, కొలిచి, చించారు.

ఫిలోమినా, శాంతి ఆ సమయానికే వచ్చారు. షామియానా చూసి తమ కోసమేననుకుని నవ్వబోయిన శాంతి, బల్ల మీద గుడ్డ చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇద్దరూ చెప్పులు విడిచి కూర్చున్నారు. కాసేపటికి ఫిలోమినా గొంతు తగ్గించి, "ఈ గది ఆయనదేనంట కదా అక్కా. ఇంక ఎట్ట?" అంది.

అందరి చెవులూ ఇటే ఉన్నాయి. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలి. హజ్రా బీ కొంగుతో ముక్కు తుడుచుకుని క్షమించమని అల్లాను మనసులో వేడుకుంది. "మా బావగారు దేవుడంటి మనిషి. నువ్వున్నంతకాలం గది నీదే, నిన్ను కదిలిచ్చేవాడు పుట్టలేదు అన్నారమ్మా."

"నాతోనూ అన్నాడు" అన్నాడు మౌలాలీ. పోయినవాడి మంచితనంలో తనకూ వాటా ఉండాలిగా.

"నా కొట్లో నిలబడే అన్నాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు కూడా" అన్నాడు త్రికోటేశ్వరరావు.

"చానా పెద్ద మనసు" అంటూ నజీమా మళ్లీ అందుకుంది.

"ఎవురిది?"

షామియానా అంచున నాగూర్ వలి నిలబడి ఉన్నాడు. చేతిలో మాత్రల కవరు. వెనక ఇలియాస్ ఆటోవాడితో చిల్లర దగ్గర పోట్లాడుతున్నాడు. గుండె కాదు, గ్యాస్ అని చెప్పి డాక్టర్లు పంపించేశారు. దోవంతా బండి మోతలో ఇలియాస్‌కు ఫోను వినపడలేదు.

ఆయన ముఖాలన్నీ చూశాడు. బల్ల మీద చించిన గుడ్డ చూశాడు. అది ఎవరి కొలతో ఆయనకు అర్థమైంది. నజీమా ముఖం ఇంకా తడిగానే ఉంది. బతికుండగా ఆ సందులో ఎవరూ ఆయన కోసం కన్ను తడి చేసుకున్నది లేదు.

"గది ఇస్తానని నేను అన్నానా?" అన్నాడు మెల్లగా.

"అన్నావు భాయ్" అన్నాడు మౌలాలీ. అబద్ధమని ఇప్పుడు ఒప్పుకుంటే పరువు పోతుంది. త్రికోటేశ్వరరావు కూడా తల ఊపాడు.

"అబ్బా, మరి నా షెడ్డు?" అన్నాడు ఇలియాస్.

"నోర్మూసుకోరా. చచ్చినోడి మాట ఎవడన్నా తప్పుతాడా?" అని కసిరాడు తండ్రి.

ఫిలోమినా ఆ సాయంత్రమే తన సూదుల పెట్టె గదిలో పెట్టి వెళ్లింది. చించిన ముక్కల మీద పూలు అద్దుదామని శాంతి అడిగితే నాగూర్ వలి ఒప్పుకోలేదు. "అది నాది. మడిచి దాచు హజ్రా, ఎటూ కావాల్సిందే" అన్నాడు. అది ఇప్పటికీ అలమరలో కింది అరలో ఉంది. ఆయన వచ్చినప్పుడల్లా ఒకసారి అటు చూసి, టీ అడుగుతాడు.

హజ్రా బీ మాత్రం తెల్లగుడ్డ ఎప్పుడు కొన్నా, దుకాణం బయట నిలబడి వీధంతా వినపడేలా బేరమాడుతుంది.

దయామణి, అరవై ఆరేళ్లు, ప్రస్తుతం ఉండేది మాచవరం.