మేస్త్రీ పూడ్చిన కన్నాలు

వరద నీళ్ళు వడ్రంగి షెడ్డులోకి వచ్చి, కోసి పెట్టిన చెక్కలన్నీ తేల్చుకుపోయిన ఏడాది సంగతి. చెక్క పోయింది, బేరాలూ పోయాయి. మిగిలింది మేస్త్రీ, ఆయన చెయ్యి, కోసే మిషను. ఆ మిషనూ అమ్మేద్దామనే మాట ఇంట్లో వచ్చింది. అప్పుడే ఒక ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. మందుల అల్మారాలు వరదలో పాడయ్యాయట, కొత్తవి కావాలట. పొద్దున పదింటికి మేనేజరమ్మ వీడియోలో మాట్లాడుతుంది, అల్మారాల నమూనా బొమ్మలు చూస్తుంది. నచ్చితే మిషను ఉంటుంది. నచ్చకపోతే లేదు.

కొడుకు చెక్క కోసం ఊళ్ళు తిరుగుతుంటే, బొమ్మలు గీసింది కోడలు. ఆమె లాప్‌టాప్ ఏదో పెద్ద ఆఫీసులో వాడి తీసేసిన బిజినెస్ రకం. నల్లగా, దిట్టంగా, కట్టెల మోపులా ఉంటుంది. మేస్త్రీకి అదంటే గౌరవం. మూత ఒంటి చేత్తో లేపితే అడుగు కదలదు. ఎక్కడ వదిలితే మూత అక్కడే నిలబడుతుంది. "మడతబందు పని తెలిసినవాడు చేశాడు" అని ఒకసారి అన్నాడు. ఆయన నోట్లోంచి మాట ఊడాలంటే పట్టకారు కావాలి. కాబట్టి అది పెద్ద మెచ్చుకోలే.

ఆ పొద్దున దుమ్ము తుడుద్దామని దాన్ని తిరగేశాడు. అడుగున రెండు కన్నాలు. అంత మంచి పనికి ఈ లోపమేమిటని ఆయన మనసు చివుక్కుమంది. కన్నం కనబడితే పూడ్చకుండా ఉండలేని చెయ్యి అది. రంపపు పొట్టులో జిగురు కలిపి లప్పం చేశాడు, రెంటిలోనూ కూరాడు, ఆరాక గరుకు కాగితంతో నున్నగా రుద్దాడు. కన్నం ఎక్కడుండేదో కంపెనీవాడు కూడా చెప్పలేడు. అలవాటు ప్రకారం ఎవరికీ చెప్పలేదు.

కాసేపటికి అల్లుడు దిగాడు. చంకలో కొత్త లాప్‌టాప్. వెండి రంగు, రేకంత పలచన.

"ఏంటి చెల్లెమ్మా, ఇంకా ఈ బండరాయితోనే కాపురమా?"

"బండే అన్నయ్యగారూ. కానీ బండెడు చాకిరీ చేస్తుంది."

"నాది చూడండి. ఇంత తక్కువకి ఇస్తున్నానా అని షాపువాడే బాధపడ్డాడు. చిటికెన వేలితో మోయొచ్చు."

కోడలు చేతిలోకి తీసుకుని చూసింది. "నిజంగా పువ్వులా ఉంది. ప్రయాణాల్లో ఇదే హాయి" అని మనస్ఫూర్తిగానే అంది.

అత్తగారు కాఫీ కప్పుతో వచ్చి వంగింది. "ఏదీ అల్లుడుగారూ, తెరవండి. నేనూ చూస్తాను."

అల్లుడు దర్జాగా ఒంటి చేత్తో మూత లేపాడు. పువ్వులాంటి వస్తువు కదా, మూతతో పాటు అడుగూ లేచింది. లేచి కప్పుకి తగిలింది. కప్పెడు కాఫీ నల్లదాని అక్షరాల మీద పడింది.

"అయ్యో, కొంప మునిగింది!" అని అత్తగారు గుండె పట్టుకుంది.

కోడలు మాత్రం నింపాదిగా వైరు లాగి, లాప్‌టాప్ ఆపేసింది. "కంగారు పడకండి అత్తయ్యా. ఈ రకం ఇలాంటి వాటికి తట్టుకునేలాగే చేస్తారు. అక్షరాల కింద తొట్టిలా ఉంటుంది, అడుగున రెండు కన్నాలుంటాయి. పడిందంతా కిందికి కారిపోతుంది. చూడండి."

ఎత్తి పట్టుకుంది. అందరూ వంగి చూశారు. చుక్క రాలేదు.

"ఏదమ్మా?"

"వస్తుంది."

రాలేదు. మేస్త్రీ నుదుటి మీద చెమట మాత్రం వచ్చింది.

అంతలో పదైంది. "నాదాంట్లో మాట్లాడండి చెల్లెమ్మా" అని అల్లుడు వెండిది ముందుకు తోశాడు. మేనేజరమ్మ చక్కగా కనబడింది, చక్కగా వినబడింది. మెయిల్లోంచి బొమ్మలు తెరవబోతే మాత్రం తెర మీద చక్రం తిరగడం మొదలైంది. అంత బరువు ఆ పువ్వుకి అలవాటు లేదు. చక్రం తిరుగుతూనే ఉంది.

మేస్త్రీ ఇక ఆగలేకపోయాడు. నల్లదాన్ని లాక్కుని, బల్ల మీద పెట్టి, ఉలి తీసి అడుగున పొడవసాగాడు.

"ఏవండీ! చెడిపోయిందని పొడిచి చంపేస్తారా?" అని అత్తగారు అరిచింది.

బండరాయి అన్నందుకు మామగారికి రోషం వచ్చిందనుకున్నాడు అల్లుడు. "సరదాకన్నాను మామయ్యగారూ! మీ బండే గొప్పది!" అంటూ రెండో కొస పట్టుకుని లాగాడు. లాగులాటలో నల్లది జారి సిమెంటు నేల మీద పడింది. నేల పెచ్చు లేచింది. దానికి గీత పడలేదు. వెనక్కి తూలిన అల్లుడి మోచెయ్యి వెండిదాని మూతకి తగిలి బందు పుటుక్కుమంది. అయినా పాపం, మెడ వాలేసి కూడా అది మాట్లాడుతూనే ఉంది.

"ఆ పెద్దాయన చేతిలో ఉలి ఉందండీ! పోలీసులకి ఫోన్ చేయమంటారా?" అంది అందులోంచి మేనేజరమ్మ.

కోడలు జిగురు డబ్బా ఆనించి ఆ మూత నిలబెట్టింది. తర్వాత నల్లదాని అడుగు తడిమింది. నున్నగా ఉంది. మామగారి వేళ్ళు చూసింది. పొట్టు అంటుకుని ఉంది.

"పూడ్చేశారా మామయ్యా?"

ఆయన తలూపాడు.

"మళ్ళీ తెరవగలరా?"

"ఊఁ."

ఉలి మొనతో లప్పాన్ని పెళ్ళలుగా లేపాడు, చుట్టూ చిన్న గీటు కూడా పడకుండా. రెండు ధారలుగా కాఫీ దిగింది. కోడలు మరలు విప్పి, అక్షరాల పలక తీసి, తుడిచి, ఫ్యాను కింద ఆరబెట్టింది. ఇంతసేపూ మేనేజరమ్మ సినిమా చూసినట్టు చూస్తూ కూర్చుంది. అన్నీ బిగించి మీట నొక్కితే నల్లది ఏమీ ఎరగనట్టు వెలిగింది. బొమ్మలు ఒక్క ఊపులో తెరుచుకున్నాయి. కోడలు ఆ తెరని వెండిదాని ఎదురుగా తిప్పి చూపించింది.

"బాగున్నాయి" అంది మేనేజరమ్మ. "కానీ నాకు ఆ కన్నాలు కావాలి."

"ఏ కన్నాలండీ?"

"ఇప్పుడు కాఫీ కారిన కన్నాలు. వరద తగ్గినా మా అల్మారాల్లో నీళ్ళు తగ్గలేదు. మందులన్నీ లోపలే నానిపోయాయి. అడుగున కన్నాలు, వాటికి బిరడాలు పెట్టండి. పెడతానంటే పని మీదే."

షెడ్డంతా మేస్త్రీ వైపు చూసింది. కన్నమున్న పని పనే కాదని జీవితమంతా నమ్మిన మనిషి. ఆయన మిషను వైపు చూశాడు. నేల మీది కాఫీ వైపు చూశాడు.

"పెడతాను."

"పెట్టాక మళ్ళీ పూడ్చకుండా నేను చూసుకుంటానండీ" అంది అత్తగారు.

సాయంత్రం మేస్త్రీ వెండిదాని బందుకి చిన్న రేకు వేసి బిగించాడు. మునుపటికంటే గట్టిగా నిలిచింది.

మర్నాడు పొద్దున్నే లప్పం డబ్బా భార్య చేతికిచ్చేసి, కన్నాలు తొలిచే బరమాకి నూనె వేశాడు. బల్ల మీది వెండిదాన్ని తిరగేసి, అడుగంతా వేలితో తడిమాడు.

"దీనికి కన్నాల్లేవేంటి అల్లుడుగారూ?" అని బరమా అందుకున్నాడు.

అల్లుడు ఆ పూట కాఫీ కూడా తాగకుండా బస్సెక్కాడు.