సౌండు రాని లాప్‌టాప్ ఒక వరం

కొన్న రోజే సవ్యంగా పనిచేసే లాప్‌టాప్ మనిషిని చెడగొడుతుంది. ఈ మాట ఊరికే అనడం లేదు, మూడు నెలల స్వానుభవంతో అంటున్నాను.

మీరే ఆలోచించండి. డబ్బా తెరిచారు, మూత ఎత్తారు, బటన్ నొక్కారు, పని మొదలైంది. ఇందులో మీ గొప్పతనం ఏముంది? మీ ఓర్పుకి పరీక్ష ఏది? నలుగురిలో కూర్చున్నప్పుడు చెప్పుకోవడానికి మీకంటూ ఒక కష్టం ఏది? పాపం, అలాంటి లాప్‌టాప్ ఉన్నవాళ్లకి చేసిన పని గురించి తప్ప చెప్పుకోవడానికి ఇంకేమీ ఉండదు!

దేవుడి దయవల్ల నాది అలాంటిది కాదు. నాది డెవలపర్ లాప్‌టాప్. మూత మీద ఆ మాట చిన్న అక్షరాలతో చెక్కి కూడా ఉంటుంది. మామూలు లాప్‌టాప్‌లలో విండోస్ ఉంటుంది కదా, దాని బదులు ఇందులో కంపెనీవాళ్లే లైనక్స్ వేసి పంపుతారు. లైనక్స్ అంటే ఏమిటని మీరు అడగనక్కర్లేదు. దాన్ని వాడేవాళ్లు ఎవరూ అడగకుండానే చెబుతారు.

ప్రోగ్రాములు రాయడం నా వృత్తి. అయితే ఈ లాప్‌టాప్ ఆఫీసు పనికి కొన్నది కాదు, మా అక్క పనికి కొన్నది.

మా అక్క డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. ఇరవై రెండేళ్లుగా పక్క సీట్లో కూర్చుని, స్టీరింగ్ చూస్తేనే చెమటలు పట్టేవాళ్లని కూడా రోడ్డెక్కించింది. నాలుగు నెలల కిందట గొంతులో గడ్డ వచ్చింది. స్వరపేటిక తీసేస్తే తప్ప మనిషి దక్కదన్నారు డాక్టర్లు. తీసేశారు. మనిషి దక్కింది.

ఆపరేషన్‌కి వారం ముందు అక్క ఒక కాగితాల కట్ట పట్టుకుని మా ఇంటికి వచ్చింది. పడగ్గది కిటికీలకి దుప్పట్లు కట్టించింది. మైకుని దిండు మీద పెట్టించింది. తన ఉద్యోగానికి కావలసిన మాటలన్నీ ఒక్కొక్కటిగా చెప్పి, నా చేత రికార్డు చేయించింది. "క్లచ్ చిన్నగా వదులు." "అద్దం చూడు." "ఎడమకి తిప్పు." "అది కుడి." చివరిది విడిగా ఎందుకని అడిగితే, రోజుకి పదిసార్లు వాడతానంది. "కుక్క తన సంగతి తాను చూసుకుంటుంది, నువ్వు రోడ్డు చూడు" అనేది కూడా ఉంది. మొత్తం రెండు వందల పదకొండు.

నేను చేయాల్సిందల్లా ఒక చిన్న ప్రోగ్రాం. కారులో అక్క ముందు ఒక టాబ్లెట్ ఉంటుంది, దాని మీద పెద్ద పెద్ద బటన్లు ఉంటాయి, ఏది నొక్కితే ఆ మాట అక్క గొంతుతో వినిపించాలి. మాట్లాడే యాప్‌లు బయట దొరకవా అంటే దొరుకుతాయి. అక్క ఒకటి వాడి చూసింది కూడా. ఇప్పుడు అక్క ఏం చెప్పినా మెడలో వేలాడే చిన్న పలక మీద రాసి చూపిస్తుంది. దాని మీద ఇలా రాసింది: "ఇది రైల్వే స్టేషన్‌లో అనౌన్స్ చేసినట్టుంది. పిల్లలు కారు తోలకుండా ప్లాట్‌ఫాం వెతుక్కుంటారు."

నిజానికి ఇది వారం పని. నాలాంటివాడికి నాలుగు రోజులు చాలు. స్కూలు ఓనరు మంచివాడే, ఇన్నాళ్లూ ఆగాడు. మొన్నీమధ్యే, "వచ్చే నెల ఒకటో తారీఖు దాకా మీ సీటు మీదేనమ్మా, ఆ తర్వాత ఇంకొకరిని పెట్టుకోక తప్పదు," అన్నాడు. అప్పటిదాకా అక్క కౌంటర్లో కూర్చుని లైసెన్స్ ఫారాలు నింపుతోంది. ఇరవై రెండేళ్లు కారులో తిరిగిన మనిషి!

అలాంటప్పుడు లాప్‌టాప్‌లో సౌండు పోవడం వరమెలా అయిందంటారా? అక్కడికే వస్తున్నాను.

మా వృత్తిలో ఒక ఆచారం ఉంది. కొత్త లాప్‌టాప్ రాగానే అందులో ఉన్నదంతా తుడిచిపెట్టి, లైనక్స్‌ని మన చేత్తో మనం మళ్లీ వేసుకోవాలి. కంపెనీవాళ్లు వేసిందే వాడుకునేవాణ్ణి మేం డెవలపర్ అనం, వినియోగదారుడు అంటాం. మా దగ్గర అది తిట్టు. కాబట్టి డబ్బా తెరిచిన రోజు మధ్యాహ్నమే ఆ శుభకార్యానికి కూర్చున్నాను. మా ఆవిడ చూసింది.

"అన్నీ వేసే వచ్చిందన్నారుగా. మళ్లీ ఏం వేస్తున్నారు?"

"ఇంకొకరు వేసిన సిస్టమ్ మీద పనిచేయడమంటే ఎంగిలి కంచంలో తిన్నట్టు," అన్నాను గంభీరంగా.

"మీరిప్పుడు తాగుతున్నది నా కాఫీ," అంది.

చిన్న చిన్న అవాంతరాలకి మేం ఆగం. తుడిచాను, వేశాను. తెర బాగుంది, కీబోర్డు బాగుంది, వైఫై బాగుంది. స్పీకర్లు మాత్రం కిక్కురుమనలేదు.

ఇక చూడండి, అప్పటినుంచి నాకు ఎంత జ్ఞానం వచ్చిందో! సౌండు రావడం అంత తేలికైన విషయం కాదని మీకు తెలుసా? పాట ఫైలుకీ స్పీకరుకీ మధ్య ఒక ప్రభుత్వ కార్యాలయమంత యంత్రాంగం ఉంది. ఒక్కో బల్ల దగ్గరికీ వెళ్లి అడిగాను. ప్రతి బల్లా ఒకటే మాట: మా దగ్గర అంతా సరిగ్గానే ఉంది, ఫైలు పైకి పంపించేశాం. సెట్టింగ్స్‌లో వాల్యూమ్ వందకి వంద ఉంది. పక్కన ఆకుపచ్చ గీత ఎగిరెగిరి పడుతోంది. వినడానికే ఏమీ లేదు.

ప్రపంచం ఎంత చిన్నదో కూడా తెలిసింది. తొమ్మిదేళ్ల కిందట ఎక్కడో ఎవరికో అచ్చం ఇదే జబ్బు చేసింది. ఒక ఫోరంలో మొర పెట్టుకున్నాడు. ఏడుగురు జవాబిచ్చారు, "నాకూ అంతే" అని. చివర్లో అతనే వచ్చి రాశాడు: "సరిపోయింది. థాంక్స్." ఎలా సరిపోయిందో రాయలేదు! నేను రోజూ భోజనం దగ్గర అతన్ని తలుచుకుంటున్నాను. రక్తసంబంధీకుల్ని కూడా నేనింతగా ఎప్పుడూ తలుచుకోలేదు.

ఆ తర్వాత రీఇన్‌స్టాల్ అనే మహామంత్రం వంటబట్టింది. మూడు నెలల్లో పద్నాలుగుసార్లు వేశాను. లైనక్స్‌లో రకాలు అనేకం, ఒక్కోదానికీ ఒక్కో గుణం. ఒకదాంట్లో సౌండు రాదు కానీ రంగులు కంటికి హాయిగా ఉంటాయి. ఇంకోదాంట్లో సౌండుతో పాటు వైఫై కూడా రాదు, ఏకాగ్రతకి చాలా మంచిది. మూడోదాంట్లో ఏమీ రాలేదు. నల్ల తెర మీద ఒక చిన్న గీత మిణుకుమిణుకుమంటూ ఉండిపోయింది. దాని ఎదురుగా గంటన్నర కూర్చున్నాను. అంత ప్రశాంతత నాకు ఏ ధ్యానంలోనూ దొరకలేదు!

పైగా ప్రతిసారీ అంతా కొత్తగా మొదలవుతుంది. చేసిన తప్పులుండవు, చేయని పనులుండవు. "స్వాగతం! మీ పేరు?" అని అడుగుతుంది. నలభై నాలుగేళ్ల మనిషిని ఇంత ఆదరంగా పలకరించేవాళ్లు ఇంకెవరున్నారు?

వరాలు మా ఆవిడకి కనిపించవు. ఆమెకి టెక్నికల్ విషయాలు తెలియవు.

"స్పీకర్లు పోతే ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవచ్చుగా?" అంది ఒకరోజు.

అది కుదరదన్నాను.

"ఎందుకు కుదరదు?"

"నీకు చెప్పినా అర్థం కాదు."

"పోనీ ఆఫీసు లాప్‌టాప్‌లో చేయండి."

"ఆఫీసు వస్తువుతో సొంత పనా? నేను నియమాల మనిషిని!"

ఆఫీసు ప్రింటర్లో వేసిన మా ఇంటి అద్దె కాగితాల వైపు ఆవిడ ఒకసారి చూసి, "ఆడలేక మద్దెల ఓడన్నారట," అని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఇలాంటి మాటలు పట్టించుకుంటే ఏ పరిశోధనైనా ముందుకి సాగుతుందా?

కంపెనీ సపోర్టు వాళ్లకీ ఫోన్ చేశాను. నలభై నిమిషాల సంగీతం తర్వాత ఒక అమ్మాయి పలికింది. నా బాధంతా విని, నెమ్మదిగా అడిగింది.

"సార్, డబ్బా తెరిచిన రోజు సౌండ్ వచ్చిందా అండీ?"

"అది... సరిగ్గా గుర్తులేదండి."

"మేం వేసి పంపిన సిస్టమ్ అలాగే ఉందా సార్?"

"తీసేశానండి."

"ఎందుకు తీసేశారు సార్?"

వృత్తి ఆచారం గురించి వివరించాను. ఓపిగ్గా విన్నది. "ఆ స్పీకర్లని పలికించే డ్రైవర్ అనే ప్రోగ్రాం మా సిస్టమ్‌లోనే ఉంటుంది సార్. డబ్బాలో ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చాం. దాంతో రీఇన్‌స్టాల్ చేసేయండి, వచ్చేస్తుంది."

చూస్తానని పెట్టేశాను. తర్వాత వేరే రకం లైనక్స్ వేశాను. అది పదకొండోసారి.

అక్క ప్రతి ఆదివారం వచ్చేది. లోపలికి వస్తూనే కనుబొమలు పైకెత్తేది, అయిందా అన్నట్టు. "సౌండు రావట్లేదక్కా. సౌండు లేకుండా మాట్లాడే ప్రోగ్రాం ఎలా పరీక్షించను?" అనేవాణ్ణి. తలూపేది. ఇంత పటిష్టమైన కారణం మీ దగ్గర ఎప్పుడైనా ఉందా? వేలు పెట్టడానికి సందు లేదు!

పోయిన ఆదివారం మాత్రం అక్క కనుబొమలు ఎత్తలేదు. తిన్నగా వచ్చి పలక మీద రాసింది: "డబ్బా ఏది?"

"డబ్బాలు ఎక్కడో ఉంటాయక్కా, ఇప్పుడెక్కడ వెతుకుతాం," అన్నాను.

"నేను పారేయలేదు వదినా," అంది మా ఆవిడ వంటింట్లోంచి. స్టూలు వేసుకుని బీరువా మీద నుంచి దించింది. ఇంత ఉత్సాహంగా ఆవిడ స్టూలెక్కడం పెళ్లయ్యాక నేను చూడలేదు.

అట్ట పొరల కింద పెన్‌డ్రైవ్, దానికి చుట్టిన ఒక కాగితం. కాగితం మీద నాలుగు వాక్యాలు. అక్క వాటి మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుకుంటూ చేసింది. మధ్యలో నేను ఏదో సలహా చెప్పబోతే, నా వైపు చూడకుండానే చెయ్యి చూపించింది. ఇరవై రెండేళ్లలో ఆ చెయ్యి చూసి ఎన్ని కార్లు ఆగి ఉంటాయో! ఇరవై నిమిషాల్లో అయిపోయింది. లాప్‌టాప్ తెరుచుకుంటూ టింగుమని మోగింది.

సొరుగులోంచి రికార్డింగులున్న మెమరీ కార్డు తీసి, అక్క తానే పెట్టి, మొదటి ఫైలు నొక్కింది.

"భయపడకు. నా కాలి కింద కూడా బ్రేకుంది. బండి తియ్యి."

పాఠకులారా, ఇంతవరకు మీకు ఒక విషయం చెప్పలేదు. రికార్డు చేశాక ఈ మాట నేను వినడం అది రెండోసారి. మొదటిసారి విన్నది డబ్బా తెరిచిన రోజు పొద్దున. కంపెనీవాళ్లు వేసిన సిస్టమ్ మీదే, అవే స్పీకర్లలో. అప్పటికి అక్క ఆస్పత్రి నుంచి మా ఇంటికి వచ్చి మూడు రోజులు. పక్కగదిలో మా ఆవిడకి పలక మీద ఏదో రాసి చూపిస్తోంది, సుద్దముక్క గీరుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. ఇక్కడేమో అక్క గొంతు, ఏమీ జరగనట్టు, నన్ను భయపడకంటోంది. తట్టుకోలేకపోయాను. టప్పున మూత వేసేశాను. మధ్యాహ్నానికి నాకు వృత్తి ఆచారం గుర్తొచ్చింది.

ఆ పెన్‌డ్రైవ్ డబ్బాలోనే ఉందని నాకు మొదటినుంచీ తెలుసు.

అక్క నా మొహం చూసింది. పలక మీద రాసింది: "మొదటి రోజు కూడా వచ్చిందా?"

తలూపాను. పలక తుడిచి, కాసేపు ఆలోచించి, మళ్లీ రాసింది: "కందకు లేని దురద కత్తిపీటకెందుకురా?"

గొంతు పోయింది తనది. కౌంటర్లో ఫారాలు నింపుతున్నదీ తనే. ఏడుపు మాత్రం నాకొచ్చింది. అక్క కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది, స్క్రీను వైపు వేలు చూపించింది.

అప్పటినుంచి రోజూ చేస్తున్నాను. ఒకటో తారీఖుకి ఇంకా ఆరు రోజులుంది. బటన్లు తయారయ్యాయి, మాటలు సరిచేయడమే మిగిలింది. ప్రతి రికార్డింగు చివర్లోనూ "ఊఁ, ఆపరా" అని అక్క నాతో అన్న మాట ఉంది. కారు నేర్చుకునేవాళ్లకి అది అక్కర్లేదు, కత్తిరించాలి. రెండు వందల పదకొండింటిలో నూట నలభై అయ్యాయి. కత్తిరించినవన్నీ వేరే ఫోల్డర్లో దాచుకుంటున్నాను.

నిన్న కంపెనీ సపోర్టు నుంచి ఒక ఫారం వచ్చింది. మీ సమస్య తీరిందా అని అడిగారు. తీరిందని టిక్కు పెట్టాను. మా ఉత్పత్తిలో మీరు గమనించిన లోపం ఏమిటని కింద నాలుగు గీతల ఖాళీ ఇచ్చారు. ఒక్క గీత సరిపోయింది.

డబ్బా తెరిచిన రోజే సౌండు మరీ స్పష్టంగా వచ్చింది, అని రాసి పంపాను.