డిపార్ట్‌మెంటు లేని బాధ

2013 ఎండాకాలంలో సూర్యాపేట సభలో రాష్ట్ర మానసిక వికాస మండలి చైర్మన్ వెంకటనర్సయ్యగారు చారిత్రక ప్రకటన చేశారు.

"ఇప్పటిదాంక గవర్నమెంట్లు బియ్యమిచ్చినయ్, పెన్షన్లిచ్చినయ్. మీ మనసును పట్టించుకున్నోడు లేడు. ఇగ మీ మనసుల బాధ్యత నాది!"

చప్పట్లు ముందుగా మొదలుపెట్టినవాడు ఆయన పీఏ సత్యానందం. ఉపన్యాసం రాసింది తనే కాబట్టి ఎక్కడ కొట్టాలో అతనికే తెలుసు.

అంతకుముందు ఎన్నికల్లో టికెట్ దక్కని వెంకటనర్సయ్యగారికి పార్టీ ఈ మండలిని ఇచ్చింది. మండలికి కారుంది, కారు మీద ఎర్రబుగ్గ ఉంది, పని ఒక్కటే లేదు. ఆ లోటు తీర్చడానికి పుట్టిందే 'మనసు విప్పు' పథకం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఒక్కో గది, అందులో కెమెరా ఉన్న కంప్యూటరు. అవతల హైదరాబాదులో డాక్టర్ అరుణ అనే అనుభవజ్ఞురాలైన థెరపిస్టు. ఇవతల కూర్చుని బాధ చెప్పుకుంటే ఆవిడ తెర మీద కనబడి వింటారు, మాట్లాడి దారి చూపిస్తారు. మందుల్లేవు, సూదుల్లేవు.

పిల్లలొచ్చి కంప్యూటర్లు ఖరాబు చేస్తారని చైర్మన్‌గారు ముందుచూపుతో గుమ్మాల మీద 'పెద్దలకు మాత్రమే' అని బోర్డులు కొట్టించారు. మొదటిరోజు సూర్యాపేటలో కుర్రకారు తోసుకొచ్చింది. తెర మీద కళ్లద్దాల డాక్టరమ్మ ప్రత్యక్షమై, "నమస్కారమండీ, నిద్ర సరిగా పడుతోందా?" అని అడిగేసరికి గది సగం ఖాళీ అయింది.

"సూసిన్రా రెస్పాన్సు!" అన్నారు చైర్మన్‌గారు విలేకరులతో.

అసలు చిక్కు తర్వాత మొదలైంది. జనం నిజంగానే మనసు విప్పారు. మఠంపల్లి నుంచి వచ్చినాయన రోడ్డు మీది దుమ్ము గురించి గంటసేపు విప్పాడు. కోదాడలో ఒకాయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "రేషన్ కార్డులో మా ఆవిడ పేరు కొట్టేశారండీ. బతికే ఉందని తీసుకెళ్లి చూపిస్తే, ఈవిడ కాదు, కాగితం కావాలన్నారండీ."

అరుణగారు అందరి మాటా శ్రద్ధగా విని, చైర్మన్‌గారికి ఫోన్ చేశారు. "వీళ్లలో చాలామందికి నాకంటే ముందు మీతో పనుందండీ."

"గివి మనసు బాధలు కావు మేడం, డిపార్ట్‌మెంట్ల బాధలు. మా మండలి కిందికి రావు," అని ఆయన సత్యానందం వైపు తిరిగారు. "ఏ డిపార్ట్‌మెంటుతోని సంబంధం లేని బాధ ఒకటి పట్కరా. ప్యూర్‌గుండాలె. టీవీ వాళ్లొస్తున్నరు."

సత్యానందం వెతికాడు. జిల్లాలో బాధకు కొదవ లేదు. కానీ ఎవరి బాధ కొస పట్టుకుని లాగినా అటు చివర ఒక ఆఫీసు తగులుతోంది. చివరికి మాడుగులపల్లిలో బాలమ్మ దొరికింది. కూలికి పోతుంది. మొగుడు పోయిన దగ్గర్నుంచి ఎవరితోనూ మాట్లాడటం లేదని ఊళ్లో చెప్పారు.

మిర్యాలగూడ సెంటర్లో టీవీ కెమెరాల మధ్య బాలమ్మను కూర్చోబెట్టారు.

"ఎలా ఉంటోంది బాలమ్మగారూ?" అరుణగారు మెల్లగా అడిగారు.

బాలమ్మ తెరవంక చూసింది. "పొద్దుగూకితే ఇంట్లకు పోబుద్ధి కాదమ్మా. గడప కాడనే కూసుంట."

"ప్యూర్," అని చైర్మన్‌గారు సత్యానందం చెవిలో గొణిగారు.

"ఆయన ఎలా పోయారమ్మా?"

"పురుగుల మందు తాగిండు. బోరు ఎండింది, కరెంటు సూస్తే..."

"ఆపుండ్రి, ఆపుండ్రి!" చైర్మన్‌గారు కెమెరాకు అడ్డం వచ్చారు. "అమ్మా, నీ బాధల వ్యవసాయ శాఖ, కరెంటు శాఖ రెండూ కలిసినయ్. జర అవి తీసేసి చెప్తవా?"

"అవి తీసేస్తే ఆయన బతికే ఉంటుండె గద సారూ," అంది బాలమ్మ.

టీవీవాళ్లు చాయ్ తాగడానికి వెళ్లారు. గది కాస్త సద్దుమణిగాక, "కెమెరాలు లేనప్పుడు రండమ్మా. ప్రతి గురువారం ఈ గంట మీది," అన్నారు అరుణగారు. బాలమ్మ తలూపింది.

ఆ తర్వాతి గురువారం బాలమ్మ కూలి మానుకుని, ఆటో ఎక్కి వచ్చింది. కుర్చీలో చైర్మన్‌గారున్నారు. స్వచ్ఛమైన బాధ బయట దొరకనందున నమూనాగా తనే కూర్చున్నారు.

"ఇన్నేండ్లు జెండా మోసిన మేడం. టికెట్ ఇయ్యకుంటే ఇయ్యకపాయె, పిలిచి ఒక చాయ్ గూడ పొయ్యలే," అంటూ భోరుమన్నారు. అందులో ఏ శాఖా లేదు. ఆ సాయంత్రం ఆయనకు ఆకలి బాగా వేసింది. అప్పటినుంచి ప్రతి గురువారం ఆయనే.

బాలమ్మ బయట మెట్ల మీద కూర్చునేది.

"సార్ మాట్లాడుతున్నరమ్మా," అనేవాడు సత్యానందం.

"ఆయన బాధ ఎప్పుడు ఒడుస్తది సారూ?"

"టికెట్ వచ్చినంక."

అలా అన్న పూట అతనికి అన్నం సహించలేదు. ఒకసారి ధైర్యం చేసి లోపలికి వెళ్లి, "సార్, బయట బాలమ్మ..." అన్నాడు.

"ఈ గంట ఆమెదేనండీ," అన్నారు తెర మీంచి అరుణగారు.

"బాధల ఉన్న మనిషిని లేపుతరా మేడం?" అని చైర్మన్‌గారు ముక్కు చీదుకున్నారు.

కొన్నాళ్లకు బాలమ్మ రావడం మానేసింది. "బాగైనట్టే," అని తేల్చి, పథకం సాధించిన తొలి విజయంగా ఆమె పేరు హుజూర్‌నగర్ సభలో ప్రకటించారు. చప్పట్లు ఆ రోజు కాస్త ఆలస్యంగా మొదలయ్యాయి.

2014 ఎన్నికలొచ్చాయి. వెంకటనర్సయ్యగారు పొద్దున పార్టీ మారారు, మధ్యాహ్నం టికెట్ వచ్చింది, సాయంత్రానికి బాధ పోయింది. కంప్యూటర్లన్నీ ఎన్నికల ఆఫీసుకు తరలించమన్నారు. మిర్యాలగూడలో సామాను సర్దడానికి వెళ్లిన సత్యానందానికి తెర మీద అరుణగారు కనబడ్డారు.

"బాలమ్మగారు వచ్చారా?"

"లేదు మేడం. సెంటర్ ఎత్తేస్తున్నం."

"మీరెలా ఉన్నారు సత్యానందంగారూ?"

"సార్ మంచిగున్నరు మేడం."

"సార్ కాదు. మీరు."

సత్యానందం వెనక్కి తిరిగి చూశాడు. గదిలో ఇంకెవరూ లేరు. "ఒక్క నిమిషం మేడం," అని ఫోన్ తీశాడు.

"సార్, మేడం అడుగుతున్నరు... నేనెట్లున్ననని."

"నువ్వా?" ప్రచారం మైకుల హోరులో చైర్మన్‌గారు అరిచారు. "నీకేమైంది? మంచిగనే ఉన్నవ్. జల్ది సామాను పట్కరా!"

సత్యానందం ఫోన్ జేబులో పెట్టుకుని తెరవైపు తిరిగాడు.

"మంచిగనే ఉన్ననంట మేడం," అని చెప్పి వైరు పీకాడు.